ఇరవై ఒక్క ఫోన్లు తిప్పిందెవరు

జులై 26, శనివారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, ఆర్ట్స్ కాలేజీ రెండో అంతస్తులోని సెమినార్ గదిలో, పూర్ణిమ తన థీసిస్‌లోని నాలుగో అధ్యాయం తప్పని చెప్పింది.

ఆమె ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. లాలాపేట్‌లో తల్లి భారతమ్మతో, తమ్ముడు కుమార్‌తో కలిసి ఉంటుంది. థీసిస్ అడిగే ప్రశ్న ఒకటే. ఇంటర్నెట్‌లో వెతకడం అంటే గూగుల్ అనే స్థితి ఇంకా ఎంతకాలం ఉంటుంది? బాగుందని జనం దాన్ని వాడుతున్నారా, ఫోన్‌లో ముందే ఉంది కాబట్టి వాడుతున్నారా? రెండోదే నిజమని పూర్ణిమ వాదన. ఫోన్ తెరవగానే ఇంకొకటి కనిపిస్తే జనం దాన్నే వాడుకుంటారని నాలుగో అధ్యాయంలో రాసింది.

రుజువు కోసం జూన్ చివర ఇరవై నలుగురిని ఒప్పించింది. తార్నాక, లాలాపేట్, అడిక్‌మెట్‌లలో తెలిసినవాళ్ళు. ఒక్కొక్కరి ఫోన్‌లో మొదటి తెర మీద ఉన్న గూగుల్ పెట్టె తీసేసి, అదే చోట వేరే కంపెనీ సెర్చ్ ఇంజిన్ పెట్టింది. నెల వాడి చూడమని చెప్పింది. వారానికి ఒకసారి ఫోన్ చేసి ఎలా ఉందని అడిగింది. అందరూ బాగుందన్నారు. అధ్యాయం రాసేసింది.

సెమినార్‌కు ముందు రోజు ఇల్లిల్లూ తిరిగి ఫోన్లు చూసింది. ఇరవై ఒక్క ఫోన్లలో గూగుల్ తిరిగి వచ్చింది. కొత్తది మిగిలింది అడిక్‌మెట్ గదుల్లో ఉండే ముగ్గురు విద్యార్థుల దగ్గరే.

ఇదంతా ఆమె థీసిస్ చూసే ముగ్గురి కమిటీ ముందు చెప్పింది. దాచలేదు.

“చెప్పిన్నా లేదా?” అన్నాడు ప్రొఫెసర్ దివాకర్. కుర్చీ టేబుల్ దగ్గరికి లాక్కున్నాడు. “మూడేండ్ల సంది మొత్తుకుంటున్న. పైనున్నోడు పైన్నే ఉంటడు. మందిని పట్టుకపోయి ఇంకో దుకాణంల కూసోబెట్టినా, నువ్వు అటు తిరగంగనే పాత దుకాణానికే పోతరు. ఇరవై ఒక్కరు పోయిన్రు. ఇగ ఏం కావాలె?”

“అంత సంబరం ఎందుకండీ దివాకర్ గారూ?” అంది గైడ్ విశాలాక్షి. “పిల్ల ఉన్నదున్నట్టు చెప్పింది. చెప్పకపోతే మీకూ తెలిసేది కాదు, నాకూ తెలిసేది కాదు.”

“సంబరం కాదు మేడమ్. ఆకలైతున్నది. మన పందెంల ఓడినోళ్ళు బిర్యానీ తినిపియ్యాలన్నది మీరే.”

“తినిపిస్తాను లెండి. ముందు చదవండి.”

దివాకర్ చదివే వచ్చాడు. ప్రతి పేజీ అంచున పెన్సిల్ గీతలున్నాయి. రెండో అధ్యాయానికి వెనక్కి వెళ్ళి ఒక పేరా దగ్గర వేలు పెట్టాడు.

“పూర్ణిమా, గీడ ఏం రాసినవ్? వీళ్ళల్ల చాలామందికి సెట్టింగ్స్ ఎక్కడుంటయో తెల్వదు. అని రాసినవా లేదా?”

“రాసిన సార్. టెస్ట్ చేసి రాసిన.”

“సెట్టింగ్స్ తెల్వనోళ్ళు గూగుల్‌ను వాపస్ ఎట్ల పెట్టుకున్నరు?”

పూర్ణిమ ఆ పేరా మళ్ళీ చదివింది. విశాలాక్షి కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టింది.

పూర్ణిమ రిజిస్ట్రేషన్ గడువు ఆగస్టు 31. అప్పటికే రెండుసార్లు పొడిగించారు. మూడోసారికి నిబంధన లేదు. ఆలోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, ఐదేళ్ళ పని మళ్ళీ మొదటి నుంచి. నాలుగో అధ్యాయం లేకుండా కమిటీ సంతకం చేయదు. ఆగస్టు 21న జవాబుతో రమ్మని కమిటీలో మూడోవాడైన విభాగాధిపతి చెప్పాడు.

వరండాలోకి వచ్చాక విశాలాక్షి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. “ఆయన నిన్ను పడగొట్టడానికి అడగలేదమ్మా. ఆ ప్రశ్న నాకు తట్టనందుకు నా మీద నాకే కోపంగా ఉంది. ఎవరు పెట్టారో కనుక్కో. పో.”

మరునాడు ఆదివారం. పూర్ణిమ మొదట ఈరమ్మ ఇంటికి వెళ్ళింది. ఈరమ్మ లాలాపేట్‌లో వీళ్ళకు రెండు గల్లీల అవతల ఉంటుంది. ఇంట్లోనే మిషన్ మీద జాకెట్లు కుడుతుంది. డిజైన్లు ఫోన్‌లో వెతుక్కుంటుంది. పూర్ణిమను చూడగానే మిషన్ ఆపి స్టవ్ వెలిగించింది.

“ఛాయ్ వద్దు పెద్దమ్మా. ఒక్క మాట అడిగి పోత.”

“ఒక్క మాటకు ఒక్క ఛాయ్. కూసో.”

“నీ ఫోన్‌ల నేను పెట్టింది తీసేసి గూగుల్ ఎవరు పెట్టిన్రు?”

ఈరమ్మ పాలు పొంగే దాకా వెనక్కి తిరగలేదు.

“మంచిగనే ఉండె బిడ్డా అది.”

“పెద్దమ్మా.”

“సర్వపిండి చేసిన. రెండు ముక్కలు తిను.”

“పెద్దమ్మా, నా చదువు ఆగిపోతది.”

ఈరమ్మ కప్పు చేతికిచ్చి ఎదురుగా కూర్చుంది. “నోటితోని చెప్తే దానికి అర్థమైతలేకుండె. నాకు రాసుడు రాదు. బోట్ నెక్ అని చెప్తే పడవలు చూపెట్టింది. గిరాకీ ముంగట ఇజ్జత్ పోయింది. తీపిచ్చుకున్న.”

“మరి నేను ఫోన్ చేసినప్పుడల్లా మంచిగున్నదని ఎందుకు చెప్పినవ్?”

“ఏం మాట్లాడ్తున్నవ్? ఇంటికొచ్చి, నా చేతి ఛాయ్ తాగి, ‘పెద్దమ్మా, ఇది నా చదువు’ అని పెట్టిపోయినవ్. నీ ముఖం మీద బాగలేదని ఎట్ల చెప్తరు ఎవరన్న?”

“సరే. ఎవరు తీసిన్రు?”

“ఎవరికి చెప్పనని ఒట్టేసిన.”

“ఎవరి మీద?”

“మీ తమ్ముని మీదనే.”

కుమార్ దుకాణం తార్నాక చౌరస్తాకు దగ్గర్లో, ఒక మెడికల్ షాపు పక్కన ఉంది. ఫోన్ రిపేర్లు, రీచార్జి, స్క్రీన్ గార్డులు. అక్క వచ్చేసరికి అతను ఒక ఫోన్ వెనక భాగం ఊడదీసి బ్రష్‌తో తుడుస్తున్నాడు.

“ఇరవై ఒక్క ఫోన్లు నువ్వే మార్చినవా?”

బ్రష్ ఆగింది. “ఈరమ్మ పెద్దమ్మ చెప్పిందా? ఆమె కడుపుల నువ్వు గింజ దాగది.”

“నువ్వేనా కాదా?”

“నీ ఇజ్జత్ కాపాడిన అక్కా. ఆమె వచ్చి, ‘మీ అక్క ఏందో పెట్టింది, తియ్యి, గని అక్కకు చెప్పకు, బాధపడ్తది’ అన్నది. తీసిన. తార్నాకల సూర్యనారాయణ అంకుల్ కూడ గట్లనే అన్నడు. గిరాకీ మాట బయట పెడ్తనా నేను?”

“అందరూ వచ్చి తియ్యమన్నరా?”

“అందరు కాదు. నలుగురో ఐదుగురో.”

“మిగతా వాళ్ళవి?”

కుమార్‌కు ఆ ప్రశ్న అర్థం కాలేదు. “మిగతా వాళ్ళు రీచార్జికి వచ్చిన్రు. చార్జింగ్ పిన్‌కు వచ్చిన్రు. ఫోన్ చేతికొస్తే ఊకె ఉంటనా? ముందట ఏందో ఉన్నది. తీసి గూగుల్ పెట్టిచ్చిన.”

“వాళ్ళు అడగకుండానే?”

“గాళ్ళకేం తెల్సు అడగనీకి? ఏ ఫోన్ వచ్చినా నేను అదే చేస్త. పైన గూగుల్, కింద వాట్సాప్, పక్కన ఫోన్, గడియారం పెద్దగ. ఏడేండ్ల సంది గట్లనే. దుకాణం పెట్టిన కాడికెళ్ళి ఒక్కరు కూడ గిదేందని అడగలే.”

పూర్ణిమ స్టూలు మీద కూర్చుంది.

“నేను సర్వే చేస్తున్నానని ఇంట్ల చెప్పిన కదరా.”

“చెప్పినవ్. నువ్వు చదువు సంగతి చెప్తప్పుడు నేను అన్నం తింట.”

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. ఆగలేదు. మెడికల్ షాపు అతను తల బయటికి పెట్టి చూశాడు. కుమార్ పరేషాన్ అయ్యాడు. “ఏమైంది అక్కా? థీసిస్ ఖరాబైందా?”

“అయింది. నువ్వే చేసినవ్. ఇప్పుడు నువ్వే బాగు చేస్తవ్.”

అడిక్‌మెట్ విద్యార్థుల ఫోన్లలో కొత్తది ఎందుకు మిగిలిందో ఆమెకు అప్పుడు తెలిసింది. ఆ ముగ్గురూ కుమార్ దుకాణానికి ఎప్పుడూ రాలేదు.

రెండో విడత మూడు వారాలు నడిచింది. ఇరవై ఒక్క మందినీ ఈసారి దుకాణానికి పిలిచారు. రెండు సెర్చ్ పెట్టెలూ మొదటి తెర మీద ఒకదాని పక్కన ఒకటి పెట్టారు. రెండూ వాడి చూసి, చివరి రోజున మళ్ళీ వచ్చి, ఒకటి ఉంచుకుని రెండోది తీసేయాలి. ఎలా తీసేయాలో కుమార్ అందరికీ చేసి చూపించాడు. తీసేది ఎవరి వేలితో వాళ్ళే. పూర్ణిమ ఎవరికీ ఫోన్ చేయకూడదు, చివరి రోజు దుకాణంలో ఉండకూడదు. ఆమెకు చెప్పలేనిది వాళ్ళు కుమార్‌కు చెబుతారు. చివరి రోజు కుమార్ ఆ ఫోన్లు ముట్టుకోకూడదు, సలహా ఇవ్వకూడదు.

“సలహా కాదు, అసలు మాట్లాడొద్దు,” అంది పూర్ణిమ.

“గిరాకీతోని మాట్లాడకుంట ఎట్ల?”

“వక్కపొడి వేసుకో.”

ఈ మూడు వారాల్లో ఇంకో పని కూడా జరిగింది. ఒక్క కుమార్‌ను పట్టుకుని థీసిస్ రాస్తే దివాకర్ ఊరుకోడని పూర్ణిమకు తెలుసు. తన ఫోన్‌లో కొత్త సెర్చ్ ఇంజిన్ ముందు పెట్టుకుని, తమ్ముడి బండి మీద హబ్సిగూడ, గోల్నాక, అడిక్‌మెట్‌లలో ఫోన్ దుకాణాలు తిరిగింది. ప్రతిచోటా దాన్ని మళ్ళీ ముందు పెట్టి, స్క్రీన్ గార్డు మార్చమని ఇచ్చింది. సెర్చ్ గురించి ఏమీ అనలేదు. పదకొండు దుకాణాలు తిరిగారు. ఎనిమిది దుకాణాల నుంచి ఫోన్ గూగుల్ ముందు పెట్టుకుని తిరిగి వచ్చింది.

కుమార్ దృష్టి వేరే చోట ఉంది. “గీడ చూడు అక్కా, మూలకు గాలి బుడగ. గిది గ్లాస్ ఏసుడేనా? నేను వెయ్యనా?”

“వద్దు. ఇంకో దుకాణం ఉన్నది.”

“నా అక్క ఫోన్ మీద ఇంతమంది చేతులు పెడుతుంటే నేను చూసుకుంట నిలబడాలె.”

“సైన్స్ రా.”

“సైన్స్ అయితే బుడగలు ఉండయి.”

ఆగస్టు 17, ఆదివారం ఉదయం తొమ్మిది నుంచి ఒక్కొక్కరూ దుకాణానికి వచ్చారు. కుమార్ నోట్లో వక్కపొడి పోసుకుని కౌంటర్ వెనక నిలబడ్డాడు. వాళ్ళు చెప్పే కారణాలను తన ఫోన్‌లో రికార్డు చేశాడు. పూర్ణిమ ఆ రోజు లైబ్రరీలో ఉంది. సాయంత్రం రికార్డింగులు విన్నది.

మొదట వచ్చింది సూర్యనారాయణ. రైల్వేలో రిటైరయ్యాడు. ఊరు భీమవరం దగ్గర. తార్నాకకు వచ్చి ముప్పై ఏళ్ళయింది. మొదటి విడతలో కొత్తది తీసేయమన్న నలుగురైదుగురిలో ఆయన ఒకడు.

“ఏవయ్యా కుమారూ, నోరు తెరవవేం? మౌనవ్రతమా?” రికార్డింగులో కుమార్ మూలుగు వినిపిస్తుంది. “సరే విను. క్రితం నెల్లో నీ చేత తీయించేశాను గదా, అప్పుడు నేను దాన్ని వాడనేలేదు. వాడకుండానే బాలేదన్నాను. ఈసారి మనవరాలి పంతంకొద్దీ వాడి చూశాను. శుభ్రంగానే ఉంది. ఉంచేస్తున్నాను. మీ అక్కయ్యకి మాత్రం చెప్పకు, ముందు అబద్ధం చెప్పానని తెలుస్తుంది.”

ఈరమ్మ గూగుల్ ఉంచుకుంది. “నా మాట దానికి అర్థమైతది. ఇంకేం లేదు.”

ఒకామె గూగుల్ తీసేసింది. “నేను మాట పూర్తి చెయ్యకముందే అందుకుంటది. మా అత్తమ్మ లెక్క.” ఆమె వెనక నిలబడ్డ ఇంకొకామె అన్నది: “నాకు అందుకే కావాలె. సగం చెప్తే మిగతాది అదే చెప్తది. మా ఇంట్ల ఎవ్వరు గట్ల చెయ్యరు.” ఆమె గూగుల్ ఉంచుకుంది.

భారతమ్మ పదిన్నరకు వచ్చింది. ఆమె ఫోన్ కూడా ఇరవై ఒక్కటిలో ఒకటి. కొడుకును కాసేపు చూసింది.

“పుట్టిన కాడికెళ్ళి వీడు ఇంతసేపు సప్పుడు చెయ్యకుంట ఉన్నది ఇయ్యాలనే. అక్కను రోజు చదువుకొమ్మనాలె.” తర్వాత కళ్ళజోడు పెట్టుకుని వేలితో గూగుల్ పెట్టెను లాగి తీసేసింది. రికార్డింగులో కారణం అడిగేవాళ్ళు లేరు. ఆమే చెప్పింది. “పోయినసారి నా బిడ్డ పెట్టిందాన్ని నా కొడుకు తీసిండు. నన్ను ఇద్దరు అడగలే. ఈసారి నేను తీసిన.”

వక్కపొడి తొమ్మిదిన్నరకే అయిపోయింది. మధ్యాహ్నం దాకా కుమార్ నోరు ఊరికే మూసుకుని ఉన్నాడు. ఇది తర్వాత మెడికల్ షాపు అతను ధ్రువీకరించాడు.

ఆగస్టు 21, గురువారం, సెమినార్ గదిలో పూర్ణిమ ఫలితం చెప్పింది. పదమూడు మంది గూగుల్ ఉంచుకున్నారు. ఎనిమిది మంది కొత్తది ఉంచుకున్నారు.

“పదమూడు!” అన్నాడు దివాకర్.

“ఎనిమిది!” అంది విశాలాక్షి.

“మేడమ్, పదమూడు పెద్దదా ఎనిమిది పెద్దదా?”

“లెక్కలు నాకూ వచ్చండీ. చేతికిచ్చి అడిగితే ఎనిమిది మంది వెళ్ళారు. ఒక్కరూ వెళ్ళరన్నది తమరు.”

“చాప్టర్ సంగతి చూద్దాం,” అన్నాడు విభాగాధిపతి.

పూర్ణిమ నాలుగో అధ్యాయం కొత్త ప్రతిని ముగ్గురికీ ఇచ్చింది. మొదటి విడతలో ఇరవై ఒక్క మంది వెనక్కి వెళ్ళారని తను అనుకున్నది తప్పు. వెళ్ళాలనుకున్నవాళ్ళు నలుగురో ఐదుగురో. మిగతావాళ్ళు ఎటూ వెళ్ళలేదు. ఫోన్ రిపేరు దుకాణంలో వాళ్ళను అడగకుండా మార్చారు. కంపెనీ ఫోన్‌లో ఏది ముందు పెట్టి పంపిందన్న దాని గురించి చాలామంది రాశారు. ఆ తర్వాత గల్లీలో దాన్ని ఎవరు సర్దుతారన్నది తనకు దొరికిన పరిశోధనల్లో ఎక్కడా లేదని రాసింది. అడగకపోతే మొదటి స్థానం కదలదు. అడిగితే కొంత కదులుతుంది, అయినా గూగుల్ మొదటి స్థానంలోనే ఉంటుంది. ఎంతకాలం ఉంటుందో ఇరవై నాలుగు ఫోన్లతో చెప్పలేనని కూడా రాసింది.

దివాకర్ చివరి వాక్యం కింద గీత గీశాడు. “గిది మంచిగున్నది. చెప్పలేనని రాసినవ్. నిరుడు అయితే చెప్పేస్తుంటివి.” పేజీ తిప్పాడు. “ఒక్క కుమార్‌తోని థీసిస్ అయితదా?”

ఆమె పదకొండు దుకాణాల పట్టిక చూపించింది.

“స్క్రీన్ గార్డు పదకొండుసార్లు మార్పిచ్చినవా?”

“మార్పిచ్చిన సార్.”

“నీ తమ్ముడు ఏమన్నడు?”

“బుడగలు ఉన్నయన్నడు.”

విభాగాధిపతి నవ్వాడు. దివాకర్ నవ్వలేదు. చివరి ప్రశ్న మిగిలి ఉంది.

“ఇప్పుడు పోరగాండ్లు వెతుకుడే బంద్ చేస్తున్నరు. ఏఐని అడుగుతున్నరు. నా క్లాసుల సగం మంది గంతే. రేపు ఈ పెట్టెలే ఉండయి. అప్పుడు నీ చాప్టర్ ఏమైతది?”

“ఆ ఏఐని ఫోన్‌ల ముందట ఎవరు పెడ్తరు సార్?”

దివాకర్ పెన్సిల్ కింద పెట్టాడు. కిటికీ వైపు చూశాడు.

“కుమార్,” అన్నాడు. అప్పుడు నవ్వాడు.

ముగ్గురూ పన్నెండు గంటల పది నిమిషాలకు సంతకాలు చేశారు. పూర్ణిమ తమ్ముడికి ఫోన్ చేసింది. “అయిందా?” అని కుమార్ అడిగాడు. “ఊఁ” అంది. దుకాణంలో ఉన్న గిరాకీలందరికీ వినపడేలా అతను తల్లికి ఫోన్ చేసి చెప్పాడు. ఈరమ్మకు ఆ వార్త భారతమ్మ కంటే ముందే తెలిసింది. ఎలా తెలిసిందో తేలలేదు.

బిర్యానీ ఎవరు తినిపించాలన్న దానిపై ఒప్పందం కుదరలేదు. దివాకర్, విశాలాక్షి ఇద్దరూ తామే గెలిచామన్నారు. మధ్యాహ్నం రెండు గంటలకు ఆరుగురూ తార్నాకలో ఒకే టేబుల్ దగ్గర కూర్చున్నారు. కమిటీ ముగ్గురు, పూర్ణిమ, కుమార్, భారతమ్మ. దివాకర్ తన ఫోన్ కుమార్ ముందు పెట్టాడు.

“తమ్మీ, గీ గడియారం పెద్దగ చెయ్యి. కండ్లు కనపడ్తలేవు.”

కుమార్ ఫోన్ తీసుకున్నాడు. గడియారం పెద్దది చేశాడు. అతని బొటనవేలు సెర్చ్ పెట్టె దగ్గర ఆగింది. అక్కను చూశాడు.

“సార్, గిది గట్లనే ఉంచాల్నా, మార్చాల్నా?”

“ఏడేండ్లల్ల మొదటిసారి అడిగిండు,” అంది పూర్ణిమ.

“ఉంచు,” అన్నాడు దివాకర్. “ఆ రెండోది కూడ పక్కన పెట్టు. చూస్త.”

ఆగస్టు 29, శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకు థీసిస్ పరీక్షల విభాగంలో అందింది. రసీదు మీద పూర్ణిమ పేరు, తేదీ, ముద్ర ఉన్నాయి. గడువుకు రెండు రోజులు మిగిలాయి.